బెంగళూరు ఆఫీసులో, పీజీలో, రాత్రి బస్సులో నమాజు ఎలా? మళ్లీ మళ్లీ అడిగే సందేహాలకు జవాబులు

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఉద్యోగాలు చేసే మన తెలుగు కుర్రాళ్లు ఎక్కడ కలిసినా అవే ప్రశ్నలు. "అన్నా, ఆఫీసు వాష్‌బేసిన్ దగ్గర కాళ్లు ఎలా కడుక్కోవాలి?" "అసర్ (సాయంత్రపు నమాజు) టైమ్ ఒక యాప్‌లో మూడున్నర, ఇంకో యాప్‌లో నాలుగున్నర. ఏది నమ్మాలి?" "మూడు రకాతులు (నమాజులో ఒక్కో ఆవృత్తి) చదివానో నాలుగో గుర్తు లేదు, మళ్లీ చదవాలా?"

ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఈ డౌట్లు రావు. అజాన్ వినపడుతుంది, మసీదులో హౌజు (నీళ్ల తొట్టి) ఉంటుంది, పక్కవాడిని చూసి వంగితే సరిపోతుంది. ఇక్కడ పన్నెండో అంతస్తులో ఏసీ హోరు తప్ప ఏమీ వినపడదు. మసీదుకి వెళ్తే బయాన్ (ప్రసంగం) ఉర్దూలో. దూదేకుల ఇళ్లలోనో, పల్లెటూళ్లలోనో తెలుగే మాట్లాడుతూ పెరిగినవాళ్లకి సగం అర్థం కాదు, మిగతా సగం అడగడానికి మొహమాటం. నాదీ అదే కథ కాబట్టి చెబుతున్నా.

నేను ఆలిమ్‌ని (మతపండితుణ్ణి) కాను. బెంగళూరు మసీదుల్లో ఎక్కువగా నడిచేది హనఫీ పద్ధతి (నమాజు నియమాల్లో ఒక సంప్రదాయం), అదే రాస్తున్నాను. మలయాళీ ముస్లింలలో షాఫయీ పద్ధతివాళ్లు ఎక్కువ, తమిళుల్లోనూ ఉన్నారు. తేడా ఉన్న ముఖ్యమైన చోట్ల చెబుతాను.

దగ్గర ఉంచుకోవలసినవి

- లీటరు నీళ్ల సీసా, చిన్న టవల్
- జానమాజ్ (నమాజు చాప). లేకపోతే శుభ్రమైన లుంగీ ముక్కైనా చాలు
- మీకు దగ్గరి మసీదు బోర్డు మీది జమాత్ (అందరూ కలిసి చదివే నమాజు) టైములు, ఫోన్‌లో ఫొటో తీసి
- పొడవాటి చొక్కా. ఇది చాలామంది పట్టించుకోరు. మగవాళ్లు బొడ్డు నుంచి మోకాళ్ల దాకా కప్పుకోవడం ఫర్జ్ (తప్పనిసరి). నడుము దిగిన జీన్సు, పొట్టి టీషర్టుతో సజ్దాకి (నుదురు నేలకి ఆనించడానికి) వెళ్తే వెనక నడుము కింద అంతా బయటపడుతుంది. టోపీ లేదని కంగారు పడే వాళ్లే దీన్ని వదిలేస్తారు. టోపీ లేకపోయినా నమాజు అవుతుంది, ఇది బయటపడితే నమాజుకే ముప్పు.

1. ముందు టైమ్ తేల్చుకోండి

యాప్‌లో ఊరు బెంగళూరు అని, అసర్ దగ్గర హనఫీ అని పెట్టండి. రెండు యాప్‌లు గంట తేడా చూపించడానికి కారణం ఇంతే. మిట్టమధ్యాహ్నం ఉండే నీడని వదిలేసి, వస్తువు నీడ దాని పొడవంత అయితే షాఫయీ అసర్ మొదలు, దానికి రెండింతలైతే హనఫీ అసర్ మొదలు. బెంగళూరులో మొదటిది ఏడాది పొడవునా మూడున్నరకి కాస్త అటూ ఇటూ వస్తుంది. రెండోది డిసెంబరులో నాలుగూ ఇరవై ప్రాంతంలో, జూన్‌లో దాదాపు ఐదుకి.

జొహర్ (మధ్యాహ్నం నమాజు) మొదలయ్యేది పన్నెండుకి కాదు. ఇక్కడ సూర్యుడు నడినెత్తి దాటేది నవంబరు మొదట్లో 12:03కి, ఫిబ్రవరిలో 12:34కి. లంచ్ 12 గంటలకే అయిపోయేవాళ్లు తొందరపడి ముందే చదివేస్తుంటారు. అది చెల్లదు.

ఇంకో పొరపాటు, ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్న క్యాలెండర్. విజయవాడలో సూర్యుడు ఇక్కడికంటే పన్నెండు నిమిషాలు ముందుంటాడు. ఆ క్యాలెండర్ చూసి ఇక్కడ మగ్రిబ్ (పొద్దుగుంకాక చదివేది) చదివితే పొద్దు ఇంకా గుంకకముందే చదివినట్టు. ఇఫ్తార్ అయితే మరీ దారుణం, రోజంతా ఉపవాసం ఉండి చివరి పది నిమిషాల్లో పోగొట్టుకోవడం.

సూర్యుడు ఉదయించేటప్పుడు, నడినెత్తిన ఉన్నప్పుడు, అస్తమించేటప్పుడు నమాజు చదవకూడదు. ఫజర్‌కి (తెల్లవారుజాము నమాజు) లేవలేకపోయి, కళ్లు తెరిచేసరికి సూర్యుడు వచ్చేస్తుంటే ఇరవై నిమిషాలు ఆగి ఖజా (టైమ్ దాటిపోయిన నమాజు) చదవండి. అసర్ మాత్రం మినహాయింపు. అస్తమయానికి ఐదు నిమిషాలే ఉన్నా ఆ రోజు అసర్ చదివేయండి, వదలొద్దు.

2. ఆఫీసులో వుజూ (నమాజుకి ముందు కడుక్కోవడం)

ఖురాన్ ఐదో సూరా (అధ్యాయం) ఆరో ఆయతులో (వాక్యంలో) చెప్పినవి నాలుగే: ముఖం కడగడం, మోచేతులతో సహా చేతులు కడగడం, తలకి తడిచెయ్యి రాయడం, చీలమండలతో సహా కాళ్లు కడగడం. ఇవి ఫర్జ్. పుక్కిలించడం, ముక్కులో నీళ్లు ఎక్కించడం, మూడేసిసార్లు కడగడం సున్నత్ (ప్రవక్త అలవాటు, చేస్తే మంచిది). తీరిక ఉన్నప్పుడు అన్నీ చేయండి. మీటింగ్ మధ్యలో వచ్చినప్పుడు ఒక్కొక్కసారి కడిగినా వుజూ అయిపోతుంది.

అసలు గొడవ కాళ్ల దగ్గర. బేసిన్‌లోకి కాలు ఎత్తొద్దు. చూసేవాళ్లకి బాగోదు, జారితే నడుము విరుగుతుంది, ఆ నీళ్లు తుడవాల్సింది హౌస్‌కీపింగ్ అక్క. మా ఆఫీసులో ఒకామె చీపురు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది, ఒక్క మాట అనలేదు. ఆ రోజు నుంచి ఇలా చేస్తున్నాను:

ముఖం, చేతులు, తల బేసిన్ దగ్గర ముగించండి. సీసాలో అరలీటరు పట్టుకుని టాయిలెట్ లోపలికి వెళ్లండి. నేల మీద నీళ్లు పోయే జాలీ ఉంటే దాని పైన, లేదంటే కమోడ్ పైన కుడికాలు పెట్టి, సన్నగా పోస్తూ ఎడమచేత్తో రుద్దండి. వేళ్ల సందుల్లో చిటికెన వేలు తిప్పండి. టవల్‌తో తుడుచుకుని చెప్పుల్లో కాలు పెట్టి బయటికి రండి. రెండు కాళ్లకీ అరలీటరు ధారాళంగా సరిపోతుంది. ప్రవక్త ముహమ్మద్ (స) ఒక ముద్ నీళ్లతో వుజూ చేసేవారని హదీసుల్లో (ప్రవక్త మాటలూ పనులూ చెప్పే కథనాలు) ఉంది, ముద్ అంటే చాలామంది లెక్కలో ముప్పావు లీటరు కూడా ఉండదు. 2024 ఎండాకాలంలో ట్యాంకర్ల కోసం ఈ ఊరు ఎలా అల్లాడిందో చూసినవాళ్లకి కుళాయి వదిలేసి వుజూ చేయాలంటే చెయ్యి రాదు.

ఇంకో దారి: చీలమండలు కప్పే తోలు మేజోళ్లు. పూర్తి వుజూ చేసుకుని వేసుకుంటే, తర్వాత వుజూ పోయినప్పుడు కాళ్లు కడగక్కర్లేదు, పైన తడివేళ్లతో తుడిస్తే చాలు. మొదటిసారి వుజూ పోయినప్పటి నుంచి 24 గంటలు, ప్రయాణంలో 72 గంటలు ఈ వెసులుబాటు. మామూలు కాటన్ సాక్సుల మీద తుడిస్తే హనఫీలో చెల్లదు.

*సరిగ్గా అయిందో లేదో ఇలా చూసుకోండి.* తుడుచుకునే ముందు అరచేతిని మడమ వెనక, మోచేతి కొసన పెట్టి చూడండి. పొడిగా తగిలితే అక్కడ నీళ్లు చేరలేదు. వాచీ, బిగుతు ఉంగరం కదపండి. ఫెవిక్విక్, పెయింటు, నెయిల్ పాలిష్ ఉంటే నీళ్లు లోపలికి పోవు, గీకాల్సిందే. గోరింటాకు రంగు అడ్డం కాదు.

మూత్రం, మలం, గ్యాస్, కారేంత రక్తం, ఆనుకుని నిద్రపోవడం వీటితో వుజూ పోతుంది (రక్తం విషయంలో షాఫయీలు ఒప్పుకోరు). కాఫీ తాగితే పోదు. ఫోన్ చూసినా పోదు. "పోయిందేమో" అన్న అనుమానం మాత్రమే ఉంటే పోనట్టే లెక్క. చప్పుడో వాసనో తెలిస్తే తప్ప నమాజు వదిలి వెళ్లొద్దని హదీసే ఉంది.

3. దిక్కు

"పడమర కదా" అంటారు. దాదాపు అంతే, కానీ బెంగళూరు నుంచి మక్కా నిఖార్సైన పడమర కాదు. పడమర నుంచి ఉత్తరానికి 18 డిగ్రీలు పైచిలుకు తిరగాలి, దిక్సూచి మీద 288. గోడ గడియారాన్ని నేల మీద పెట్టి 12ని ఉత్తరానికి తిప్పితే, తొమ్మిదిన్నర దాటాక చిన్నముల్లు చూపించే వైపు. చెన్నైలో ఉన్నవాళ్లకీ ఇదే లెక్క పనికొస్తుంది, ఒక డిగ్రీ తేడా కూడా రాదు.

ఫోన్ దిక్సూచిని గుడ్డిగా నమ్మకండి. నేను ఓ వారం పాటు ఆఫీసు మెట్ల మలుపులో ఇనుప రెయిలింగ్ పక్కన ఫోన్ పెట్టి చూసుకుని చదివాను. తర్వాత కిటికీలోంచి సూర్యాస్తమయం కనపడితే గాని తెలియలేదు, నేను తిరిగింది నైరుతికి అని. ఇనుము, లిఫ్టు, స్పీకర్లకి దూరంగా జరిగి, ఫోన్‌ని గాలిలో ఎనిమిది అంకెలా తిప్పి అప్పుడు చూడండి.

తిరుగులేని పరీక్ష ఒకటుంది. ఏటా మే 27, 28 తేదీల్లో మన టైమ్ మధ్యాహ్నం 2:48కి, జూలై 15, 16 తేదీల్లో 2:57కి సూర్యుడు సరిగ్గా మక్కాలోని కాబా నెత్తిన ఉంటాడు. ఆ నిమిషంలో బాల్కనీలో ఒక కర్ర నిటారుగా నిలబెట్టి, దాని నీడకి ఎదురు వైపు తిరిగితే అదే ఖిబ్లా (నమాజు దిక్కు). గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టుకుంటే ఇక యాప్ అక్కర్లేదు. జూలైలో ఇక్కడ మబ్బులు, కాబట్టి మేలోనే చూసుకోవడం మేలు.

ఐదో పదో డిగ్రీలు అటూ ఇటూ అయితే నమాజుకి ఏమీ కాదు. మీ ప్రయత్నం మీరు చేసి చదివాక తప్పని తేలినా తిరిగి చదవక్కర్లేదు. నా ఆ వారం నమాజుల గురించి అడిగితే మసీదు ఇమామ్ సాబ్ చెప్పింది ఇదే.

4. చదవడం

నియ్యత్ (సంకల్పం) మనసులో ఉంటే చాలు, నోటితో పొడవుగా చెప్పక్కర్లేదు. నిలబడి చేతులు ఎత్తి "అల్లాహు అక్బర్", తర్వాత సనా (మొదట్లో చదివే స్తుతి), ఫాతిహా (ఖురాన్ మొదటి సూరా), చిన్న సూరా. రుకూలో (నడుము వంచినప్పుడు) మూడుసార్లు తస్బీహ్ (దేవుణ్ణి కొనియాడే మాట). నిటారుగా లేవండి. సజ్దా, కూర్చోవడం, రెండో సజ్దా. ఇది ఒక రకాతు. రెండు రకాతులకోసారి కూర్చుని అత్తహియ్యాత్ (కూర్చున్నప్పుడు చదివే వాక్యాలు). చివరిసారి కూర్చున్నప్పుడు దరూద్ (ప్రవక్త కోసం ప్రార్థన), దుఆ (వేడుకోలు), కుడికీ ఎడమకీ సలాం. మూడు, నాలుగు రకాతుల ఫర్జ్‌లో మూడో రకాతు నుంచి ఫాతిహా ఒక్కటే.

రోజు మొత్తానికి ఫర్జ్ 17 రకాతులు: ఫజర్ 2, జొహర్ 4, అసర్ 4, మగ్రిబ్ 3, ఇషా (రాత్రి నమాజు) 4. ఇషా తర్వాత విత్ర్ 3 వాజిబ్ (ఫర్జ్ కంటే ఒక మెట్టు కింద, అయినా వదలకూడనిది). ఆఫీసులో పది నిమిషాలే దొరికితే ఫర్జ్ స్థిమితంగా చదవండి. పది నిమిషాల్లో సున్నత్‌లతో కలిపి పన్నెండు రకాతులు కోడి గింజలు పొడిచినట్టు పొడవడం కంటే అదే నయం అని నా అభిప్రాయం. మసీదులో హడావిడిగా చదివి వచ్చిన ఒకాయనతో ప్రవక్త (స) "వెళ్లి మళ్లీ చదువు, నువ్వు చదవలేదు" అని అన్నారు. అది మూడుసార్లు జరిగింది.

ఎక్కువగా కనపడే తప్పులు: రుకూ నుంచి పూర్తిగా లేవకుండానే సజ్దాకి జారిపోవడం. సజ్దాలో ముక్కు నేలకి ఆనకపోవడం. రెండు పాదాలూ గాల్లోకి లేచిపోవడం. నుదురు (ముక్కుతో కలిపి), రెండు అరచేతులు, రెండు మోకాళ్లు, రెండు పాదాల వేళ్లు, ఈ ఏడూ నేలని తాకాలి. మగవాళ్లు మోచేతులు నేల మీద పరచకూడదు.

*అరబీ రాదు, తెలుగులో రాసుకుని చదవొచ్చా?*

గుర్తుకోసం రాసుకోవచ్చు, దాన్నే నమ్ముకోకూడదు. అరబీలో నాలుగు రకాల శబ్దాలకి మనం ఒక్క అక్షరమే రాస్తాం. గొంతు లోపలి నుంచి పలికే 'ఖల్బ్' అంటే గుండె, మామూలు కకారంతో 'కల్బ్' అంటే కుక్క. తెలుగులో వేరే అక్షరాలతో రాసుకున్నా చదివేటప్పుడు రెండూ ఒకటైపోతాయి.

తెలుగువాళ్లకి సొంతంగా ఇంకో జబ్బుంది. మాట చివర ఉకారం పెట్టందే మనకి నోరు మూతపడదు. బస్సు, కారు, నమాజు. ఆ అలవాటుతో ఫాతిహా చివర "అన్‌అమ్‌త అలైహిమ్" అనాల్సిన చోట "అన్‌అమ్‌తు" అనేస్తారు. మొదటిదానికి "నువ్వు అనుగ్రహించినవాళ్లు" అని అర్థం. రెండోదానికి "నేను అనుగ్రహించినవాళ్లు". అల్లాహ్‌తో మాట్లాడుతూ ఏమంటున్నామో చూడండి. అలాగే "ఇయ్యాక"లో ద్విత్వం తేలిపోకూడదు. "అల్లాహు అక్బర్"లో మొదటి అకారం సాగదీస్తే అది ప్రశ్న అయిపోతుంది: అల్లాహ్ గొప్పవాడా? "అక్బార్" అని బకారం సాగదీసినా అర్థం చెడుతుంది.

చూసుకోవడం తేలిక. ఫాతిహా ఏడు ఆయతులూ ఫోన్‌లో రికార్డు చేసి, ఒక ఖారీ (ఖురాన్ చక్కగా పలికి చదివే ఆయన) రికార్డింగ్ పక్కన పెట్టి ఒక్కో ఆయతు వినండి. తర్వాత మీ మసీదులో పిల్లలకి చదువు చెప్పే హాఫిజ్ సాబ్‌కి వినిపించండి. మహా అయితే మూడు రోజుల పని. సిగ్గుపడకండి, ఆయన ముందు కూర్చునే ఆరేళ్ల పిల్లాడూ అవే తప్పులు చేస్తాడు.

కొత్తగా నేర్చుకునేవాళ్లు ఫాతిహా, మూడు ఆయతుల కౌసర్, నాలుగు ఆయతుల ఇఖ్లాస్‌తో మొదలుపెట్టండి. అవి నోటికి వచ్చేదాకా వీలైనంతవరకు జమాత్‌తో చదవండి, హనఫీలో ఇమామ్ వెనక నిలబడ్డవాళ్లు ఫాతిహా చదవరు. సలాం తిప్పాక మీ దుఆ తెలుగులోనే చేసుకోండి. అమ్మ మోకాలి నొప్పి గురించి అల్లాహ్‌కి ఉర్దూలో చెప్పుకోనక్కర్లేదు.

5. మధ్యలో మర్చిపోతే

- సనా, తస్బీహ్ లాంటి సున్నత్ మర్చిపోతే ఏమీ చేయనక్కర్లేదు.
- ఫాతిహా తర్వాత సూరా, మధ్యలో కూర్చోవడం లాంటి వాజిబ్ మర్చిపోతే సజ్దా సహూ. చివర అత్తహియ్యాత్ అయ్యాక కుడివైపు ఒక సలాం తిప్పి, రెండు సజ్దాలు చేసి, మళ్లీ అత్తహియ్యాత్, దరూద్, దుఆ చదివి ముగించాలి.
- రుకూ, సజ్దా లాంటి ఫర్జ్ పూర్తిగా తప్పిపోయి సలాం తిప్పి లేచిపోతే మళ్లీ చదవాలి.

రెండో రకాతు తర్వాత కూర్చోకుండా నిటారుగా లేచిపోతే వెనక్కి కూర్చోవద్దు. సాగిపోయి చివర సజ్దా సహూ చేయండి.

మూడా నాలుగా అని తరచూ అనుమానం వచ్చేవాళ్లు మనసు గట్టిగా ఎటు చెబితే అటు వెళ్లండి. ఎటూ తేలకపోతే తక్కువ లెక్క, అంటే మూడు అనుకోండి. అది నాలుగోదీ కావచ్చు కాబట్టి అక్కడ కూర్చుని అత్తహియ్యాత్ చదివి, లేచి ఇంకో రకాతు చదివి, సజ్దా సహూతో ముగించండి. ఇమామ్ వెనక ఉన్నప్పుడు మీ మరుపుకి సజ్దా సహూ లేదు.

6. జమాత్‌కి ఆలస్యంగా వెళ్తే

ఇమామ్ రుకూలో ఉండగా కలిస్తే ఆ రకాతు దొరికినట్టే. కానీ నిలబడి "అల్లాహు అక్బర్" అన్నాకే వంగాలి. పరుగెత్తుకుంటూ వచ్చి వంగుతూ అంటే నమాజు మొదలే కాలేదు.

నాలుగు రకాతుల నమాజులో చివరిది ఒక్కటే దొరికితే, ఇమామ్ రెండు సలాంలూ తిప్పాక లేవండి. ఫాతిహా, సూరాతో ఒక రకాతు చదివి కూర్చోండి. లేచి ఫాతిహా, సూరాతో ఇంకోటి. తర్వాత ఫాతిహా ఒక్కదానితో చివరిది. మగ్రిబ్‌లో ఒక్కటే దొరికితే మిగతా రెండింటిలోనూ సూరా ఉంటుంది, రెండింటి తర్వాతా కూర్చోవాలి. మొత్తం మూడుసార్లు కూర్చున్నానేంటని కంగారు పడొద్దు, అదే సరి.

జుమా తప్పిపోతే ఒంటరిగా రెండు రకాతులు చదవకూడదు, జొహర్ నాలుగు చదవాలి. శుక్రవారం క్యాలెండర్‌లో ఆ గంట ముందే బ్లాక్ చేసి పెట్టుకోండి.

7. పాత బాకీలు

కాలేజీ రోజుల్లో వదిలేసిన నమాజులు ఎలా అని అడుగుతారు. రోజుకి ఫర్జ్ 17, విత్ర్ 3, మొత్తం 20 రకాతులు. సున్నత్‌లకి ఖజా లేదు. ఉజ్జాయింపుగా ఎన్ని నెలలో రాసుకుని, ప్రతి నమాజుతో పాటు అదే పూట పాతది ఒకటి చదివి నోట్‌బుక్‌లో గీత కొట్టండి. ఏడాది బాకీ ఏడాదిలో తీరుతుంది. ఆడవాళ్లకి నెలసరి రోజుల నమాజు మాఫీ, ఖజా కూడా లేదు. ఆ రోజుల్లో పోయిన ఉపవాసాలు మాత్రం తర్వాత ఉండాలి.

8. రూమ్‌మేట్లు అడిగితే

"మీరు కాబాని పూజిస్తారా?" లేదు, అది దిక్కు. ప్రవక్త (స), ఆయన వెంటవాళ్లు మదీనాకి వలస వెళ్లాక కూడా పదహారు పదిహేడు నెలలు జెరూసలేం వైపే తిరిగి చదివారు, ఆ తర్వాత దిక్కు మారింది.

"అల్లాహ్ అంటే ముస్లింల దేవుడా?" దేవుడికి అరబీ మాట అది. అరబ్బు క్రైస్తవుల బైబిల్లోనూ అదే మాట ఉంటుంది.

తిరుపతి లడ్డు తెచ్చి పెడితే? నేనైతే ఇలా అంటాను: "నైవేద్యం పెట్టింది మేం తినం, ఏమనుకోకు మామా. అమ్మ పంపిన పులిహోర ఉంటే మాత్రం నాకు రెండు గరిటెలు ఎక్కువ పెట్టు." పదేళ్లలో ఎవరూ నొచ్చుకోలేదు. అబద్ధం చెప్పి తీసుకుని తర్వాత పారేస్తే మాత్రం నొచ్చుకుంటారు, నొచ్చుకోవాలి కూడా.

9. ఊరెళ్లేటప్పుడు

దాదాపు 78 కిలోమీటర్లు, అంతకంటే ఎక్కువ దూరం బయల్దేరి ఊరి పొలిమేర దాటితే మీరు ముసాఫిర్ (ప్రయాణికుడు). నాలుగు రకాతుల ఫర్జ్ రెండు అవుతుంది. ఫజర్, మగ్రిబ్, విత్ర్ మారవు. హోసూరుకి వెళ్తే ఈ లెక్క లేదు, అనంతపురానికి వెళ్తే ఉంది. చేరిన చోట 15 రోజులు ఉండే ఉద్దేశం ఉంటే పూర్తిగా చదవాలి (షాఫయీల లెక్క నాలుగు రోజులు). స్థానిక ఇమామ్ వెనక నిలబడితే ఎలాగూ నాలుగే.

అందరూ పొరబడేది సొంతూరి దగ్గర. అమ్మానాన్న ఉన్న, మీరు పుట్టి పెరిగిన ఊరు మీకు ఇంకా సొంతూరే అయితే, శని ఆదివారాలకి వెళ్లినా అక్కడ పూర్తి నమాజే. దారిలో మాత్రమే రెండు.

రాత్రి బస్సులో ఫజర్ పోకుండా ఉండాలంటే: పొద్దు పొడవడానికి ముందు గంటా పావు వ్యవధి ఉంటుంది, ఆ మధ్యలో బస్సు ఎక్కడో ఒకచోట టీకో, మనుషుల్ని దించడానికో ఆగుతుంది. అలారం పెట్టుకోండి. సీసాలో నీళ్లు మిగుల్చుకోండి. బస్సు ఎక్కేటప్పుడే డ్రైవరన్నతో "తెల్లారుజామున ఎక్కడన్నా ఆపితే ఐదు నిమిషాలు నమాజు చేసుకుంటా" అని చెప్పి ఉంచండి. నిద్రలో ఉన్నప్పుడు వచ్చి లేపిన డ్రైవర్లు నాకు ఇద్దరు తగిలారు. దిగాక టైరు పక్కన కాకుండా, హెడ్‌లైట్ వెలుతురు పడే చోట, డ్రైవరుకి కనపడేలా జానమాజ్ పరుచుకోండి.